పదిహేను వేల లోపు సెమీ అకౌస్టిక్ గిటార్: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

అంగడిలో "సెమీ చూపించండి" అని అడిగితే మన దగ్గర చేతికిచ్చేది మామూలు చెక్క గిటారే. లోపల పికప్ (తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చేది), పక్క చెక్కలో నాబ్‌లున్న ప్రీయాంప్ (ఆ సంకేతాన్ని పెంచి సర్దేది), బెల్టు తగిలించే కొనలో కేబుల్ గుచ్చే జాక్, ఇవి అదనం. దీని అసలు పేరు ఎలక్ట్రో అకౌస్టిక్. విదేశీ వీడియోల్లో సెమీ అకౌస్టిక్ అనేది వేరే జాతి, లోపల కొంత బోలుగా ఉండే ఎలక్ట్రిక్ గిటార్. ఆన్‌లైన్‌లో వెతికితే రెండూ కలగాపులగంగా వస్తాయి. పేరు చూసి మోసపోకుండా, ఫొటోలో గుండ్రటి సౌండ్ హోలూ ప్రీయాంపూ ఉన్నాయో లేదో చూసుకోండి.

కర్నూలు, అనంతపురం, కడపల్లో దీన్ని కొనేవాళ్లలో ఎక్కువమంది మూడు రకాలు. ఆదివారం చర్చిలో పాటలకు వాయించేవాళ్లు, కాలేజీ ఫెస్టులో స్టేజీ ఎక్కేవాళ్లు, ఇంట్లో పాడుకుని ఫోన్‌లో రికార్డు చేసి రీల్స్ పెట్టేవాళ్లు. మూడో రకం వాళ్లకు ముందే చెప్పేయడం మంచిది: మీకు పికప్ అక్కర్లేదు. ఫ్యాను ఆపేసి, పన్నెండో ఫ్రెట్‌కు (మెడ మీది అడ్డు లోహపు గీతల్లో పన్నెండోదానికి) ఎదురుగా అడుగున్నర దూరంలో ఫోన్ పెట్టి రికార్డు చేస్తే వచ్చే శబ్దం, చవక ప్రీయాంప్ నుంచి కేబుల్‌లో వచ్చేదానికంటే సహజంగా ఉంటుంది. చుట్టూ డ్రమ్స్, కీబోర్డు, నలుగురి గొంతులు ఉండి మైకు పెడితే కూతలు పెట్టే చోటే పికప్‌తో పని. రీల్స్ కోసమే అయితే ఆ డబ్బు కూడా గిటార్ మీదే పెట్టండి.

డబ్బు దేనికి పోతోంది

ఒకే ధరలో ఉన్న మామూలు గిటార్‌నూ సెమీ గిటార్‌నూ పక్కపక్కన పెడితే మామూలుదే ఒక మెట్టు పైన ఉంటుంది. పికప్, ప్రీయాంప్, జాక్, వైరింగు, వాటి కోసం పక్క చెక్కను కోసే పని, అన్నీ తయారీదారుకు ఖర్చే. ధర పెంచకుండా ఆ ఖర్చు రాబట్టాలంటే చెక్కలోనో, ట్యూనింగ్ కీల్లోనో, ఫ్రెట్లు సాపు చేసే పనిలోనో కోత పెట్టాలి. ఐదు వేల సెమీ అంటే మూడు వేల గిటార్‌కు రెండు వేల కరెంటు సామాను తగిలించారని లెక్కేసుకోండి, పెద్దగా తప్పు పోదు.

తమాషా ఏమిటంటే కొనేవాళ్ల కన్ను ముందు పడేది ఆ సామాను మీదే. ఐదు స్లైడర్లు, నీలంగా వెలిగే ట్యూనర్ తెర చూడగానే ఇది పెద్ద గిటార్ అనిపిస్తుంది. వాల్యూమ్, బాస్, ట్రెబుల్ అని మూడే నాబ్‌లుండి, శాడిల్ (తీగలు ఆనే తెల్లటి ముక్క) కింద పికప్ సరిగ్గా కూర్చున్న గిటార్ స్టేజీ మీద దానికంటే బాగా పలుకుతుంది. ట్యూనర్ ఎలాగూ ఫోన్‌లో ఉచితం.

ముందున్న దారులు

మొదటిది 4 నుంచి 6 వేల మధ్య, 38 అంగుళాల కటవే (పై ఫ్రెట్లకు చెయ్యి పోయేలా ఒక భుజం కోసిన) సెమీలు. నేర్చుకుంటాడో వదిలేస్తాడో తెలియని పిల్లవాడికి ఇది చాలులే అని ఇంట్లోవాళ్లు కొనేది ఎక్కువగా ఇదే. చిక్కంతా అక్కడే. తీగలు ఎత్తుగా ఉండి వేళ్లు కోసుకుపోతుంటే పిల్లవాడు ఎఫ్ కార్డు (కొన్ని స్వరాలు కలిపి పలికించే వేళ్ల పట్టు) దగ్గరే ఆగిపోతాడు, తప్పు తన వేళ్లదే అనుకుంటాడు. ఈ ధరలో కొనక తప్పకపోతే ఒక్కటి చూడండి: మెడలో ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే ఇనుప కడ్డీ) ఉందా? సౌండ్ హోల్‌లోకి ఫోన్ టార్చి వేసి మెడ వైపు చూస్తే అలెన్ కీ పట్టే రంధ్రం కనబడాలి. లేదంటే తల దగ్గర చిన్న ప్లాస్టిక్ మూత కింద ఉండాలి. రెండు చోట్లా లేకపోతే ఎంత చవకైనా వద్దు. 12 గేజి (తీగ మందం కొలత) తీగల సెట్టు మెడను లాగే బలం సుమారు 70 కిలోలు. మెడ వంగితే సరిచేసుకునే మార్గమే ఉండదు.

రెండో దారి, మంచి కంపెనీ మామూలు గిటార్ ఇప్పుడు కొని పికప్ తర్వాత పెట్టించుకోవడం. యమహా ఎఫ్310, ఎఫ్ఎస్80సి లాంటివి ఎనిమిది నుంచి పది వేల చుట్టూ దొరుకుతాయి, పండగ ఆఫర్లను బట్టి వెయ్యి అటూ ఇటూ. తర్వాత పెట్టే పికప్‌లు మూడు రకాలు. చెక్కకు అతికించే రూపాయి బిళ్లంత పీజో (ఒత్తిడిని, అదురును సంకేతంగా మార్చేది) కొన్ని వందలకే వస్తుంది. కానీ చెయ్యి ఒరిసినా చొక్కా గుండీ తగిలినా అన్నీ స్పీకర్లో వినిపిస్తాయి. సౌండ్ హోల్‌లో అడ్డంగా బిగించే మాగ్నెటిక్ పికప్ స్టేజీకి నమ్మకమైనది, తొందరగా కూత పెట్టదు. అయితే అది పట్టుకునేది ఉక్కును, కంచును కాదు. అందుకే కంచు చుట్టిన నాలుగు లావు తీగల కంటే చుట్టు లేని మొదటి రెండు తీగలు గట్టిగా వినిపిస్తాయి. తీగతీగకూ స్క్రూ ఉన్న పికప్ అయితే ఆ రెంటి దగ్గర కిందికి తిప్పి సర్దుకోవచ్చు. మూడోది శాడిల్ కింద దూర్చే పీజో. దానికి కింది కొనలో జాక్ కోసం సుమారు 12 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి, శాడిల్ గాడి అడుగును చదును చేయాలి. హార్మోనియం బాగుచేసే చేతులకు ఈ పని వస్తుందని అనుకోవద్దు. గిటార్లే బాగుచేసేవాళ్ల దగ్గరికి, అంటే మనకు హైదరాబాదో బెంగళూరో పోవాలి. రంధ్రం పడ్డాక కంపెనీ వారంటీ మీద ఆశ పెట్టుకోవద్దు.

మూడో దారి కంపెనీయే పికప్ బిగించి ఇచ్చినవి, 11 నుంచి 16 వేల దాకా. పేర్లలోని అక్షరాలు చదవడం వస్తే సగం పని అయినట్టే. యమహాలో ఎఫ్ఎస్80సి మామూలుది, మధ్యలో ఎక్స్ చేరి ఎఫ్ఎస్ఎక్స్80సి అయితే పికప్ ఉన్నది. చివరి సి అంటే కటవే. ఎఫ్310కి జోడు ఎఫ్ఎక్స్310ఎ. కోర్ట్, ఫెండర్ పేర్ల చివర ఇ ఉంటే పికప్ ఉన్నట్టు: కోర్ట్ ఎడి810ఇ అలాంటిదే. ఇవన్నీ లామినేట్ (పలచటి పొరలు అతికించిన) పై చెక్కవే. ఆ మాట విని ముఖం ముడుచుకోకండి, కారణం ఎండ సంగతి దగ్గర చెబుతాం.

ఈ వరసలో ఎంపిక శరీరం సైజు దగ్గర తేలుతుంది. ఎఫ్ఎక్స్310ఎ, ఎడి810ఇ పెద్ద పొట్ట డ్రెడ్‌నాట్‌లు. మైకు లేకుండా పదిమంది కూర్చున్న గదిలో ఒక గొంతుకు తోడు వాయించడానికి భేషుగ్గా ఉంటాయి. స్పీకర్ల ముందు మాత్రం ఆ పొట్టే శత్రువు. డ్రెడ్‌నాట్ లోపలి గాలి ఊగే స్థాయి సుమారు 100 హెర్ట్జ్, ఆరో తీగ మూడో ఫ్రెట్ మీద పలికే జి 98 హెర్ట్జ్. చర్చిలో జి కార్డు పట్టగానే "బూ..." అని హాలంతా మోగడానికి కారణం ఇదే. ఎఫ్ఎస్ వరస కాన్సర్ట్ సైజు, నడుము సన్నం, ఒడిలో కుదురుగా కూర్చుంటుంది, ఆ బూ మోత తక్కువ. కాబట్టి స్టేజీ, చర్చి పనికి కాన్సర్ట్ కటవే తీసుకోండి. ఇంట్లో ఎక్కువ, స్టేజీ అప్పుడప్పుడూ అయితే డ్రెడ్‌నాట్.

ఇరవై వేలు దాటితే ఫెండర్ సిడి-60ఎస్‌సిఇ (ఎస్ అంటే సాలిడ్ పై చెక్క, ఫిష్‌మన్ ప్రీయాంప్ వస్తుంది), పలచటి శరీరమున్న యమహా ఎపిఎక్స్600 లాంటివి చేతికందుతాయి. ఎపిఎక్స్ వట్టిగా వాయిస్తే శబ్దం చిన్నదే, దాన్ని స్టేజీ కోసమే చేశారు. నెలకు నాలుగు ప్రోగ్రాములున్నవాళ్లకు ఆ డబ్బు గిట్టుబాటు. మిగతావాళ్లు అప్పు చేసి అంత దూరం పోనక్కర్లేదు.

చేతిలో పది వేలే ఉంటే రెండో దారి. పన్నెండు పదమూడు ఉండి వచ్చే క్రిస్‌మస్‌కో ఫెస్టుకో స్టేజీ ఎక్కాల్సిందే అంటే మూడో దారి.

మూడు ఏటీఎం కార్డులు జేబులో పెట్టుకుని పోండి

ఏటీఎం కార్డు మందం ప్రపంచమంతా ఒకటే, 0.76 మిల్లీమీటర్లు. అంకెలు ఉబ్బి ఉండని సాదా కార్డులు తీసుకోండి. గిటార్‌ను సరిగ్గా ట్యూన్ చేశాకే కొలవాలి, వదులు తీగల మీద కొలత అబద్ధం చెబుతుంది. పన్నెండో ఫ్రెట్ మీద, అన్నిటికంటే లావైన ఆరో తీగ కింద మూడు కార్డులు కలిపి దూర్చండి. తీగకు తగిలీ తగలనట్టు దూరితే ఎత్తు 2.3 మిల్లీమీటర్ల పైన ఉన్నట్టు, బాగుంది. నాలుగో కార్డు కూడా సులువుగా దూరితే 3 దాటింది, వేళ్లకు శిక్ష. సన్నటి మొదటి తీగ కింద రెండు కార్డులు దూరి వెంట్రుకంత సందు మిగలాలి.

ఎత్తు ఎక్కువుందని తేలగానే వదిలేయనక్కర్లేదు, శాడిల్ చూడండి. బ్రిడ్జ్ (తీగల కింది కొనలు బిగించే చెక్క) పైన తెల్లటి ముక్క కనీసం 3 మిల్లీమీటర్లు పైకి కనబడుతుంటే దాన్ని అరగదీసి దించొచ్చు. పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు దిగాలంటే శాడిల్‌ను ఒక మిల్లీమీటరు అరగదీయాలి. శాడిల్ ఇప్పటికే బ్రిడ్జ్‌లోకి కూరుకుపోయినట్టుంటే, తీగలు మాత్రం ఎత్తుగానే ఉంటే, మెడ కోణమే తప్పినట్టు. దాన్ని సరిచేసే ఖర్చు ఈ ధర గిటార్ల విలువను మించుతుంది. నవ్వుతూ తిరిగి ఇచ్చేయండి.

తర్వాత మెడ వంపు. ఆరో తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, మెడ శరీరంలో కలిసే పద్నాలుగో ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కండి, లేదా మొదటి ఫ్రెట్‌కు కేపో (అన్ని తీగలనూ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే క్లిప్పు) వేసి ఒక చేత్తో నొక్కండి. ఏడో ఫ్రెట్ పైన జిరాక్స్ కాగితం రెండు మూడు పొరలు దూరేంత సందుండాలి. అసలు సందే లేకపోతే మెడ వెనక్కి వంగి తీగలు ఫ్రెట్లకు కొట్టుకుంటాయి. విజిటింగ్ కార్డులు రెండు దూరితే ముందుకు వంగింది. రెండూ ట్రస్ రాడ్‌తో సర్దుకునేవే, అంగడాయన మీ కళ్ల ముందు పావు చుట్టు తిప్పి చూపిస్తే ఇంకా మంచిది. తిప్పుతుంటే కీ ఊరికే తిరుగుతున్నా, అస్సలు కదలకపోయినా ఆ గిటార్ వద్దు.

నట్ (మెడ పైకొనలో తీగలు ఆనే గాళ్ల ముక్క) సంగతి చాలామంది వదిలేస్తారు. మన గాయకులు శ్రుతిని అంకెల్లో చెబుతారు కదా, ఒకటిన్నర అంటే సి షార్ప్, రెండున్నర అంటే డి షార్ప్, నాలుగున్నర అంటే ఎఫ్ షార్ప్. ఇవన్నీ కేపో శ్రుతులే. నట్ గాళ్లు ఎత్తుగా ఉన్న గిటార్‌లో మొదటి రెండు మూడు ఫ్రెట్ల మీద ఏది నొక్కినా స్వరం పైకి పోతుంది, ఓపెన్ తీగలు శ్రుతిలో ఉన్నా సి కార్డు అపశ్రుతి పలుకుతుంది. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి మొదటి ఫ్రెట్ పైన చూడండి, సందు వెంట్రుకంత ఉండాలి. మీ సొంత కేపో తీసుకుపోయి మూడో ఫ్రెట్‌లో వేసి ట్యూనర్ యాప్‌లో ఆరు తీగలూ చూడండి. ఒకటి రెండు తీగలు 10 సెంట్లకు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) పైగా తప్పితే తయారీలోనే అశ్రద్ధ ఉంది. ట్యూన్ చేసేటప్పుడు నట్ దగ్గర "టిక్" మని చప్పుడు వస్తూ స్వరం ఎగిరెగిరి మారితే తీగ గాడిలో ఇరుక్కుంటోందన్నమాట. ఇది చిన్న జబ్బే, పెన్సిల్ ముక్కు గాడిలో రుద్దితే తగ్గుతుంది.

మిగతావి త్వరగా అయిపోతాయి. మెడ అంచు మీద అరచెయ్యి పెట్టి కిందికీ పైకీ జరపండి, ఫ్రెట్ల కొనలు గీసుకోకూడదు. ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్టూ ఒక్కసారైనా వాయించి జరజర ఎక్కడొస్తుందో వినండి. బ్రిడ్జ్ వెనక అంచు కింద కాగితం దూరితే అది లేస్తోంది. పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా వేలు తాకించి మీటితే వచ్చే స్వరం), నొక్కిన స్వరం రెండూ ఒకటే పలకాలి.

కేబుల్ గుచ్చాక

అంగడిలో అకౌస్టిక్ ఆంప్ ఉంటే అందులో ఏ గిటారైనా ముద్దుగానే పలుకుతుంది. వీలైతే మిక్సర్‌కో మామూలు పవర్డ్ స్పీకర్‌కో కలపమని అడగండి, మీరు రేపు వాయించబోయేది దాంట్లోనే. ప్రీయాంప్ నాబ్‌లన్నీ మధ్యలో పెట్టి, కళ్లు మూసుకుని ఒక్కో తీగను ఒకే బలంతో మీటండి. మూడో తీగో నాలుగో తీగో పక్కవాటికంటే నీరసంగా వినిపిస్తే శాడిల్ అడుగు చదునుగా లేదు, అక్కడ పీజో మీద ఒత్తిడి పడటం లేదు. ఇది ఈ ధర గిటార్లలో అన్నిటికంటే మామూలు లోపం. విప్పి శాడిల్ అడుగును అద్దం మీద పరిచిన 220 నంబరు సాండ్ పేపర్ మీద నిట్టనిలువుగా పట్టుకుని అరగదీస్తే పోతుంది. శాడిల్ కింద కాగితం ముక్కలు పెట్టి సర్దేవాళ్లున్నారు, ఎత్తు కుదిరినా శబ్దం చస్తుంది.

జాక్‌ను వేళ్లతో కొద్దిగా ఊపండి, గరగరలు రాకూడదు. బయటి నట్ వదులుగా ఉండి జాక్ తనంతట తాను తిరుగుతుంటే లోపల వైర్లు మెలిపడి కొన్నాళ్లకు తెగుతాయి. బిగించాలన్నా సౌండ్ హోల్‌లోంచి చెయ్యి పెట్టి లోపలి భాగం పట్టుకునే బిగించాలి. ప్రతి నాబ్‌నూ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి వినండి. వాల్యూమ్ పూర్తిగా పెంచి వాయించకుండా ఉండండి, కాస్త "హిస్" ఉంటుంది, అది మామూలే. "జుం" అని మోగుతూ తీగల మీద చెయ్యి పెట్టగానే తగ్గితే షీల్డింగో ఎర్తో సరిగా లేదని అర్థం.

బ్యాటరీ గురించి రెండు ముక్కలు. ఎక్కువ వాటిలో 9 వోల్టుల చదరపు బ్యాటరీ, కొన్నిట్లో కాయిన్ సెల్స్. కేబుల్ గుచ్చగానే ప్రీయాంప్ ఆన్ అవుతుంది, వాయించినా వాయించకపోయినా. రాత్రి ప్రాక్టీసు అయ్యాక కేబుల్ తీయకుండా మూలన నిలబెడితే బ్యాటరీ తరుగుతూనే ఉంటుంది. శబ్దం పగిలినట్టు, పీల్చుకుపోయినట్టు వస్తే స్పీకర్‌ను తిట్టకముందు బ్యాటరీ మార్చి చూడండి. నెల రోజులు వాయించకపోతే బ్యాటరీ తీసేయండి, కారిందంటే ప్రీయాంప్ కాంటాక్టులు తుప్పు పడతాయి.

సీమ ఎండలో సాలిడ్ టాప్

ఇంటర్నెట్‌లో ఏ సలహా చూసినా సాలిడ్ టాప్ కొనమనే ఉంటుంది. ఒకే చెక్క పలక కాబట్టి బాగా పలుకుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా విచ్చుకుంటుంది, నిజమే. కానీ ఆ చెక్క కోరేది 45 నుంచి 55 శాతం తేమ. మార్చి నుంచి మే దాకా మన మూడు ఊళ్లలో మధ్యాహ్నం ఒక్కోరోజు 40 డిగ్రీలు కూడా దాటి గాలి పొడిబారిపోతుంది. చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది. ముందు ఫ్రెట్ల కొనలు మెడ అంచు దాటి బయటికి పొడుచుకొస్తాయి, తర్వాత పై చెక్క లోపలికి పల్లమవుతుంది, తీగలు కిందికి దిగి జరజరలాడతాయి, ఆఖరికి బ్రిడ్జ్ దగ్గర పగులు. లామినేట్ అంటే పలచటి పొరలను అడ్డంగా నిలువుగా అతికించింది, ఒక పొర కుంచించుకుంటుంటే ఇంకో పొర పట్టుకుంటుంది. శబ్దంలో కొంత మెరుపు తగ్గినా మన ఎండకు తట్టుకుంటుంది. పైగా కేబుల్‌లో శాడిల్ పికప్ ద్వారా వినిపించేటప్పుడు సాలిడ్‌కూ లామినేట్‌కూ తేడా చాలావరకు కరిగిపోతుంది. స్టేజీ కోసమే కొనేవాళ్లు పదిహేను వేల లోపు సాలిడ్ టాప్ అనే మాటకు డబ్బు పెట్టనక్కర్లేదన్నది మా మాట.

కూలరు ఉన్న ఇళ్లలో ఇంకో తిరకాసు. కూలరు తిరుగుతున్నంతసేపూ గది చెమ్మగిల్లుతుంది, ఆపగానే మళ్లీ ఎండిపోతుంది. రోజుకు రెండు సార్లు ఉబ్బి కుంచించుకునే చెక్కకు ఆయుష్షు తక్కువ. గిటార్‌ను కూలరు గాలికి ఎదురుగా గోడకు ఆనించొద్దు, బ్యాగులో పెట్టి ఎండ పడని లోపలి గోడ పక్కన ఉంచండి. సాలిడ్ టాప్ కొన్నవాళ్లు ప్లాస్టిక్ సబ్బు పెట్టెకు చిల్లులు పొడిచి, తడిపి గట్టిగా పిండిన స్పాంజి అందులో పెట్టి, ఎండాకాలమంతా బ్యాగులో వేసి మూడు రోజులకోసారి తడపండి. నీరు కారేంత తడి మాత్రం వద్దు.

స్టేజీ మీద మన సౌండ్ సిస్టం

మన చర్చిల్లో, ఫంక్షన్లలో చాలాచోట్ల ఉండేది అహుజా లాంటి మిక్సర్ ఆంప్లిఫయర్, వెనక వరుసగా మైకు సాకెట్లు. గిటార్ కేబుల్ వాటిలో సరిగ్గా పడుతుంది, అందుకే అందరూ గుచ్చేస్తారు. మైకు సాకెట్ ఎదురుచూసేది కొద్ది మిల్లీవోల్టులు, ప్రీయాంప్ ఉన్న గిటార్ పంపేది అంతకు ఎన్నో రెట్లు. శబ్దం పగిలిపోతుంది. ఆగ్జ్ ఇన్‌పుట్ ఉంటే అందులో పెట్టండి, లేకపోతే గిటార్ వాల్యూమ్ పావు వంతుకు దించి అక్కడ్నుంచి పెంచుతూ రండి. ప్రీయాంప్ లేని బిళ్ల పీజోను నేరుగా గుచ్చితే దీనికి తిరుగు: పీజోకు ఎదురుగా మెగాఓమ్ స్థాయి ఇన్‌పుట్ కావాలి, మైకు సాకెట్‌లో ఉండేది కొన్ని వేల ఓములే. బాస్ అంతా మాయమై రేకు డబ్బా మీద తీగ మీటినట్టు వినిపిస్తుంది. మిక్సర్ పది మీటర్లకు మించిన దూరంలో ఉంటే మధ్యలో డీఐ బాక్స్ (గిటార్ సంకేతాన్ని పొడవు కేబుల్‌లో పోయేలా మార్చే పెట్టె) పెట్టాలి. ప్రీయాంప్ ఉన్న గిటార్‌కు పాసివ్ (కరెంటు అక్కర్లేని) డీఐ చాలు, లేనిదానికి యాక్టివ్ (కరెంటుతో నడిచే) డీఐ కావాలి.

కూత పెడితే చేయాల్సింది వరసగా ఇది. ముందు స్పీకర్‌కు ఎదురుగా నిలబడకుండా పక్కకు జరగండి. ప్రీయాంప్‌లో ఫేజ్ (సంకేతాన్ని తలకిందులు చేసే) బటన్ ఉంటే ఒకసారి నొక్కి చూడండి. బాస్ తగ్గించండి. అయినా లొంగకపోతే సౌండ్ హోల్‌కు రబ్బరు మూత పెట్టండి, రెండు మూడు వందల వస్తువు, డ్రెడ్‌నాట్ వాళ్లకు ప్రీయాంప్ స్లైడర్ల కంటే ఎక్కువ పనికొస్తుంది.

షాకు విషయంలో నిర్లక్ష్యం వద్దు. కేబుల్ ప్లగ్గు లోహం, ఆంప్లిఫయర్ డబ్బా, కొన్ని గిటార్లలో తీగలు కూడా ఎర్త్ ద్వారా కలిసి ఉంటాయి. షామియానా కింద జనరేటర్ మీద, ఎర్త్ పిన్ను విరిచేసిన ప్లగ్గుతో నడిచే ఆంప్లిఫయర్‌కు గిటార్ గుచ్చి, తీగలు పట్టుకుని మైకుకు పెదవి తగిలిస్తే చురుక్కుమంటుంది. ఒక్కోసారి చురుక్కుతో ఆగదు. వాయించేముందు టెస్టరు తీగకూ కేబుల్ ప్లగ్గు లోహానికీ తాకించండి. వెలిగితే కేబుల్ తీసేసి, సౌండ్ వాళ్లను ఎర్తింగు చూడమనండి. "ప్లగ్ తిప్పి పెట్టు అన్నా, పోతుంది" అనే సలహా వినొద్దు.

ఎక్కడ కొనాలి

ఊళ్లో అంగడి ఉండి, కార్డు పరీక్ష చేయనిస్తే, ఆన్‌లైన్ కంటే ఐదారు వందలు ఎక్కువైనా అక్కడే కొనండి. ఆ ఐదారు వందలు మొదటి సెట్టింగు పనికి తీరిపోతాయి. అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాదు రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. ఒకే మోడల్‌వి రెండు మూడు పక్కపక్కన పెట్టి వాయించి ఎంచుకునే అవకాశం అక్కడి పెద్ద అంగళ్లలో దొరుకుతుంది. ఒకే మోడల్ గిటార్లు రెండు ఒకేలా ఉండవు, ఈ ధరలో మరీ. ఆన్‌లైన్ అయితే పెట్టె తెరవడం వీడియో తీయండి, మూడు రోజుల్లో పైన చెప్పినవన్నీ చూసేయండి, రిటర్న్ గడువు దాటనీయొద్దు.

సెకండ్ హ్యాండ్‌లో మామూలు గిటార్‌కు భయం లేదు, సెమీకి బ్యాటరీ పెట్టె మూత తీసి చూడండి. లోపల పచ్చగా, తెల్లగా పొడి కనబడితే ప్రీయాంప్ చచ్చినట్టే లెక్కగట్టి మామూలు గిటార్ ధర బేరమాడండి.

డబ్బు లెక్కలో ఇవి కూడా వేసుకోండి: 11 గేజి ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలు ఒక సెట్టు (కొత్త వేళ్లకు 10 గేజి), మెత్త ఉన్న బ్యాగు, కేపో, 5 మీటర్ల కేబుల్. మొత్తం మీద రెండు వేలకు అటూ ఇటూ. కేబుల్ దగ్గర పిసినారితనం పనికిరాదు, అచ్చు పోసిన ప్లాస్టిక్ ప్లగ్గు తెగితే అతకడానికి ఉండదు. ప్లగ్గు మూత స్క్రూ తిప్పి విప్పగలిగే కేబుల్ కొంటే సోల్డరింగ్ తెలిసినవాళ్లెవరైనా పది నిమిషాల్లో బాగుచేస్తారు. బెల్టు కొన జాక్ మీద తగిలించేది కాబట్టి దాని రంధ్రం పెద్దదై ఉండాలి. సాదా బెల్టు బలవంతంగా ఎక్కిస్తే పాట మధ్యలో జారుతుంది.

కొన్నాక ఇంటికి తెచ్చేటప్పుడు బస్సు డిక్కీలో వేయొద్దు. మధ్యాహ్నం ఎండలో ఆ ఇనుప పెట్టె, మూసిన కారు రెండూ ఒకటే, 60 డిగ్రీలు దాటాయంటే బ్రిడ్జ్ కింద జిగురు మెత్తబడుతుంది, డెబ్బై కిలోల లాగుడు మిగతా పని చేస్తుంది. పై అరలో పట్టకపోతే మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని రండి, తీగలు ఒక స్వరం వదులు చేసుకుని. ఇంటికొచ్చాక వెంటనే బిగించకుండా రెండు మూడు గంటలు బ్యాగులోనే గది వేడికి అలవాటు పడనిచ్చి, అప్పుడు ట్యూన్ చేయండి. మొదటి వారం రోజుకు రెండు మూడు సార్లు శ్రుతి దిగుతుంది. కొత్త తీగలు సాగుతున్నాయి, గిటార్‌లో లోపం కాదు.